బాక్సు కట్టించాలా, మార్చాలా: మా లారీ ఇళ్ల నూరేళ్ల లెక్క

నామక్కల్, సంకగిరి, తిరుచెంగోడు వైపు లారీ ఉన్న ఏ ఇంట్లోనైనా గేర్‌బాక్సు మాట ఒకసారైనా పంచాయితీ దాకా వచ్చే ఉంటుంది. టైరు పోతే మారుస్తారు, బ్యాటరీ పోతే మారుస్తారు, అందులో వాదన ఏమీ ఉండదు. గేర్‌బాక్సు అలా కాదు. అది ఒక్కరోజులో చావదు. మూలుగుతూ, గేరు జారుస్తూ, నెలల తరబడి లోడు మోస్తూనే ఉంటుంది. ఆ నెలలన్నీ ఇంట్లో ఒకటే మాట. ఉన్న బాక్సును విప్పి తిరిగి కట్టించాలా, ఇంకో బాక్సు తెచ్చి ఎక్కించాలా?

మా ఇంట్లో ఈ ప్రశ్నకు తాత ఒక జవాబు చెప్పినాడు, నాయన ఇంకొకటి చెప్పినాడు, మేము మూడోది చెప్పినాము. మూడూ ఆయా కాలానికి సరిపోయినవే. ఎందుకు మారుతూ వచ్చాయో చూస్తే, తమిళనాడులో స్థిరపడిన మనవాళ్లు మోటారు వ్యాపారంలో ఎట్లా నిలబడ్డారో కొంత తెలుస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

ఎద్దుల నుంచి మోటారుకు

విజయనగరం కాలంలోనూ, ఆ తరువాత మదురై నాయకుల కాలంలోనూ దక్షిణానికి వచ్చిన తెలుగు రైతు కుటుంబాల్లో చాలామంది నల్లరేగడి నేలలు వెతుక్కుని స్థిరపడ్డారు. పత్తి పండే నేల అది. పత్తి ఉన్నచోట బండి ఉండాలి, బండి ఉన్నచోట ఎద్దులుండాలి. కోయంబత్తూరు చుట్టుపక్కల మనవాళ్లు పత్తి నుంచి జిన్నింగుకు, జిన్నింగు నుంచి మిల్లులకు, మిల్లుల నుంచి యంత్రాలకు నడిచిన దారి అందరికీ తెలిసిందే.

మోటారు సంగతికి వస్తే మొదట తలచుకోవాల్సిన పేరు జి.డి. నాయుడు. 1893లో కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో తెలుగు ఇంట్లో పుట్టినవాడు. 1920లో ఒక్క బస్సు కొని పొల్లాచ్చి, పళని మధ్య నడిపినాడు. అది పెరిగి పెరిగి యూనివర్సల్ మోటార్ సర్వీస్ అయింది. మన లారీ ఇళ్లలో ఆయన గురించి చెప్పేటప్పుడు ఎన్ని బస్సులు పెట్టినాడన్నదానికన్నా, బండిని తానే విప్పి, తానే కట్టగలిగినాడన్న మాటే ముందు చెబుతారు. అప్పట్లో బస్సు, లారీ అన్నీ విదేశాల నుంచి విడిభాగాలుగా వచ్చి బొంబాయి, మద్రాసు వంటి ఓడరేవుల్లో బిగించుకునేవే. ఒక పన్ను విరిగిన గేరు కోసం ఓడ రావాలని కూర్చుంటే బస్సు నిలిచిపోతుంది. నిలిచిన బస్సు తిండి పెట్టదు.

కోయంబత్తూరుకు ఇంకో బలం కలిసొచ్చింది. 1930ల మొదట్లో నీలగిరుల్లో పైకారా జలవిద్యుత్తు వచ్చింది. మిల్లులు వరసగా లేచినాయి. మిల్లు యంత్రాలకు మరమ్మతు చేసే లేత్ పట్టడలు, పోత పోసే ఫౌండ్రీలు వాటి వెంట వచ్చినాయి. పి.ఎస్.జి. కుటుంబం 1926లో ధర్మసంస్థ పెట్టి చదువులకు దారి చూపింది, 1951లో టెక్నాలజీ కాలేజీ వచ్చింది. ఆ లేత్‌ల దగ్గర పని నేర్చినవాళ్లే లారీ మేస్త్రీలు కూడా అయినారు. మిల్లు కోసం వచ్చిన లేత్ లారీ గేర్‌బాక్సును కూడా కాపాడిందన్న మాట.

లారీ వ్యాపారం మనవాళ్ల ఒక్కరిదే అని చెప్పుకోవడం న్యాయం కాదు. నామక్కల్, సంకగిరి వైపు కొంగు గౌండర్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. మనవాళ్లు వాళ్ల పక్కనే, వాళ్లతో పొత్తులో, వాళ్ల దగ్గర నేర్చుకుంటూ, వాళ్లకు నేర్పుతూ పెరిగినారు. షెడ్డులో మాట్లాడే భాష తమిళం, ఇంట్లో తెలుగు, బాక్సు లోపలి సామాను పేర్లన్నీ ఇంగ్లీషు. మా పిల్లలకు మెయిన్ షాఫ్టు అన్న మాట మూడు భాషల్లోనూ ఒకటే.

తాత కాలం: దొరకని రోజులు

రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలుకు రేషన్ వచ్చింది. బొగ్గు పొయ్యి తగిలించి ఆ గ్యాసుతో బస్సులు, లారీలు నడిపినారు. యుద్ధం ముగిసినాక మిలిటరీ వదిలేసిన లారీలు వేలానికి వచ్చినాయి. వాటినే డిస్పోజల్ లారీలు అనేవాళ్లు. మా తాత ఇంకొకరితో పొత్తు కలిసి కొన్న మొదటి లారీ అటువంటిదే, షెవ్రొలే. దాంతో పత్తి బేళ్లు, బెల్లం, ఎరువు మోసినాడు.

1953లో టారిఫ్ కమిషన్ మోటారు పరిశ్రమ మీద నివేదిక ఇచ్చింది. ఈ దేశంలోనే భాగాలు తయారుచేసే ప్రణాళిక ఉన్న కంపెనీలకే ఇక్కడ చోటు అన్నది దాని సారం. విడిభాగాలు తెచ్చి బిగించడం మాత్రమే చేస్తున్న ఫోర్డ్, జనరల్ మోటార్స్ ఇక్కడి పని చాలించుకుని పోయినాయి. దేశానికి అది మంచిదే. 1954లో టెల్కో జర్మనీ డైమ్లర్ బెంజ్‌తో కలిసి జంషెడ్‌పూర్‌లో లారీలు మొదలుపెట్టింది. 1955లో మద్రాసు అశోక్ మోటార్స్ పేరు అశోక్ లేలాండ్ అయింది. కానీ చేతిలో పాత షెవ్రొలేనో ఫోర్డో ఉన్నవాడి గతి ఏమిటి? దిగుమతికి లైసెన్సు, కొత్త లారీకి వరస. అందుకే తాతకు ‘మార్చడం’ అన్న మాటకు అర్థమే లేదు. మార్చడానికి ఇంకో బాక్సు ఉంటే కదా.

అప్పుడు ఎట్లా కట్టేవాళ్లో ఇంట్లో చెప్పుకునే మాటలు వింటే ఇప్పటికీ ఆశ్చర్యమే. గేరు పన్ను విరిగితే అక్కడ వెల్డింగుతో లోహం పోసి, ఆకురాయితో రుద్ది రుద్ది పన్ను ఆకారం తెచ్చేవాళ్లు. బేరింగు కూర్చునే చోటు అరిగి వదులైతే లేత్ మీద పెద్దది చేసి ఉక్కు బుష్ దిగగొట్టేవాళ్లు. మూడు చచ్చిన లారీలు కొని రెండు బతికించేవాళ్లు. పోసిన పన్ను ఎక్కువకాలం నిలవదని వాళ్లకూ తెలుసు. గేరు పన్నుకు పైపొర గట్టిగా, లోపల సాగే గుణంతో ఉండాలి. దానికి కొలిమిలో ప్రత్యేకంగా కాచి చల్లార్చాలి. వెల్డింగు వేడికి ఆ గట్టిదనం పోతుంది. అయినా ఆరు నెలలు నడిస్తే ఆరు నెలల కిరాయి వచ్చినట్టే.

బాక్సు లోపల ఏముంది

లారీ ఇంట్లో పుట్టి కూడా బాక్సు లోపల చూడని పిల్లలు ఇప్పుడు చాలామంది. అందుకని నాలుగు మాటలు.

ఇంజిను తిరిగే బలం క్లచ్ దాటి ముందు షాఫ్టుకు వస్తుంది. అక్కడి నుంచి కింద ఉన్న లే షాఫ్టుకు, దాని మీది గేర్ల నుంచి పైన మెయిన్ షాఫ్టుకు, అక్కడి నుంచి ప్రొపెల్లర్ షాఫ్టు మీదుగా వెనక చక్రాలకు. పాత బాక్సుల్లో గేరునే జరిపి ఇంకో గేరుతో పళ్లు కలపాలి. వేగం కలవకపోతే కరకరమంటుంది. అందుకే పాత డ్రైవర్లు క్లచ్ రెండుసార్లు తొక్కేవాళ్లు. తొక్కి న్యూట్రల్, వదిలి కాస్త ఆక్సిలరేటర్, మళ్లీ తొక్కి కింది గేరు. తరువాతి బాక్సుల్లో గేర్లు ఎప్పుడూ కలిసే తిరుగుతుంటాయి, మధ్యలో స్లీవ్ మాత్రమే జరుగుతుంది. ఆ తరువాత సింక్రో రింగు వచ్చింది. అది ముందుగా రాసుకుని రెండిటి వేగం ఒకటి చేస్తుంది, అప్పుడు గేరు మెత్తగా పడుతుంది. డ్రైవరు కాలికి సుఖమైంది, అరిగే సామాను మాత్రం ఒకటి పెరిగింది.

బాక్సు దించకముందే చెవితో, చేత్తో తెలిసేది చాలా ఉంది. న్యూట్రల్‌లో ఇంజిను నడుస్తుండగా శబ్దం వచ్చి, క్లచ్ తొక్కగానే ఆగిపోతే ముందు షాఫ్టు, లే షాఫ్టు బేరింగుల మీద అనుమానం. క్లచ్ తొక్కినప్పుడే శబ్దం మొదలైతే అది క్లచ్ రిలీజ్ బేరింగు, బాక్సుకు సంబంధం లేదు. ఒక్క గేరులోనే ఏడిస్తే ఆ జత గేర్లు. బలం నేరుగా పోయే డైరెక్టు గేరులో నిశ్శబ్దంగా ఉండి, మిగతా వాటిలో అరిస్తే లే షాఫ్టు వైపు చూడాలి. అన్ని గేర్లూ కష్టంగా పడితే బాక్సును తిట్టేముందు క్లచ్ పూర్తిగా విడుతున్నదా, లివర్ రాడ్లు వదులైనాయా చూడాలి. క్లచ్ సర్దితే పోయే జబ్బుకు బాక్సు దించినవాళ్లు ప్రతి ఊర్లో ఉన్నారు.

ఆయిల్ దించితే ఇంకా తెలుస్తుంది. పసుపు మెరుపు కనిపిస్తే సింక్రో రింగుల ఇత్తడి, అయస్కాంతానికి అంటదు. అంటుకునే సన్నపొడి ఎప్పుడూ కొంత ఉంటుంది. రేకులుగా, ముక్కలుగా ఉక్కు వస్తే మాత్రం ఇంకో లోడు ఎక్కించకూడదు.

నాయన కాలం: దొరికే రోజులు

1970ల తరువాత లెక్క మారింది. దేశంలోనే తయారైన ఒకటి రెండు రకాల లారీలు వేలకు వేలు రోడ్డెక్కినాయి. ఒకే రకం లారీలు ఎక్కువైతే ఒకే రకం బాక్సులూ ఎక్కువవుతాయి. యాక్సిడెంటైన లారీ నుంచి దించిన బాక్సు, అమ్మేసిన లారీ నుంచి వచ్చిన బాక్సు సెకండ్స్‌లో దొరకసాగింది. మద్రాసులో పుదుప్పేట ఉంది. విజయవాడలో 1960ల్లో మొదలైన ఆటోనగర్ ఉంది. మావాళ్లు ఆంధ్రాకు లోడు తీసుకుపోయి తిరుగు లోడు కోసం కాచుకునే రెండు రోజుల్లో ఆటోనగర్ తిరిగి సామాను ఏరుకుని వచ్చేవాళ్లు. అక్కడి మేస్త్రీలు మా తెలుగు విని నవ్వేవాళ్లట. ధర దగ్గర మాత్రం ఆ తెలుగే పనికొచ్చేది.

1975లో నేషనల్ పర్మిట్ వచ్చింది. లారీ ఒక రాష్ట్రం దాటి దూరాలు పోవడం మొదలైంది. దూరం పోయే లారీకి కాలమే డబ్బు. లోడు ఎక్కడో ఉంటే బాక్సు పది రోజులు షెడ్డులో విప్పి పెట్టుకోవడం నాయనకు కుదరలేదు. ఆయన పద్ధతి వేరు. ఒక బాక్సు ముందే కట్టించి, నూనె పూసి, గోనెపట్ట చుట్టి ఇంట్లో పెట్టుకునేవాడు. లారీ బాక్సు మొరాయిస్తే ఒక్కరోజులో దించి, ఇంట్లోది ఎక్కించి పంపేసేవాడు. దించినదాన్ని తీరికగా కట్టించి మళ్లీ గోనెపట్టలో పెట్టేవాడు. రెండు మూడు లారీలూ ఒకే రకమైతేనే ఈ ఏర్పాటు నడుస్తుంది. ‘అన్నీ ఒకే మోడల్ కొనండిరా’ అని ఆయన చెప్పడం వెనక లెక్క ఇదే.

ఇక్కడ ఒక చట్టం సంగతి. ఆర్.సి.లో ఛాసిస్ నంబరు, ఇంజిను నంబరు ఉంటాయి, గేర్‌బాక్సు నంబరు ఉండదు. ఇంజిను మారిస్తే కాగితం మార్చుకోవాలి, బాక్సు మారిస్తే అక్కర్లేదు. సెకండ్స్ బాక్సుల వ్యాపారం ఇంత సులభంగా పెరగడానికి అదీ ఒక కారణం. దొంగ సామాను కలిసిపోవడానికి కూడా అదే కారణం. బిల్లు లేని బాక్సును నాయన చవగ్గా వచ్చినా ముట్టుకునేవాడు కాదు.

మా కాలం: ఒక బాక్సు, మూడు జవాబులు

2019లో మా ఆరు చక్రాల లారీ, 2010లో రిజిస్టరైనది, దిగుడులో గేరు జార్చడం మొదలుపెట్టింది. మా డ్రైవరన్న ఇరవై ఏళ్లుగా ఇంటి మనిషి. ధర్మపురి నుంచి సేలం వైపు వచ్చేటప్పుడు తొప్పూరు కనుమ ఉంటుంది కదా, అక్కడ లోడుతో దిగుతుంటే నాలుగో గేరు తనంతట తానే న్యూట్రల్‌కు వచ్చేసింది. ఆ దిగుడు ఎన్ని ప్రాణాలు తీసిందో ఈ రోడ్డు తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. దిగేటప్పుడు లారీని పట్టుకునేది బ్రేకు ఒక్కటే కాదు, చిన్న గేరులో ఉన్న ఇంజిను కూడా. గేరు జారితే భారం అంతా బ్రేకు మీద పడుతుంది. వేడెక్కిన డ్రమ్ములో బ్రేకు పట్టు తప్పుతుంది. ఆరోజు డ్రైవరన్న వెంటనే బ్రేకు తొక్కి వేగం తగ్గించి, కింది గేరు వేసి, ఓరకు తెచ్చి నిలబెట్టినాడు.

బాక్సు దించి విప్పినారు. స్లీవ్ పళ్ల మూలలు గుండ్రంగా అరిగినాయి, ఫోర్కు సన్నబడింది, సింక్రో రింగులు అయిపోయినాయి, లే షాఫ్టు మీద ఒక గేరు పళ్లకు గుంటలు పడినాయి. మెయిన్ షాఫ్టు బాగుంది. కేసింగుకు పగులు లేదు, బేరింగు గూళ్లు వదులు కాలేదు.

చిన్నాయన సెకండ్స్ బాక్సు అన్నాడు, రెండు రోజుల్లో లారీ రోడ్డెక్కుతుందని. తమ్ముడు లారీనే తీసేద్దామన్నాడు, కొత్తది కొందామని. నేను ముందు లెక్క రాద్దామన్నాను.

మొదటి లెక్క, లారీకి ఇంకా ఎంత బతుకు ఉంది. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం మామూలు లారీకి 12 ఏళ్లు దాటితే నేషనల్ పర్మిట్ ఉండదు, మల్టీ యాక్సిల్‌కు 15 ఏళ్లు. అంటే మాది బయటి రాష్ట్రాలకు ఇంకో మూడేళ్లే. మూడేళ్ల బండికి పదేళ్లు నిలిచే కొత్త అసెంబ్లీ ఎందుకు? అదే రెండేళ్ల లారీ అయితే జవాబు వేరుగా ఉండేది.

రెండో లెక్క, ఖర్చు. కొత్త అసెంబ్లీని నూరు రూపాయలు అనుకుంటే మా మేస్త్రీ చెప్పిన కట్టుడు ఖర్చు నలభై దాటలేదు. షెడ్డుల్లో పాత మాట ఒకటుంది, కట్టుడు సగం దాటితే మార్చు అని. కేసింగు పగిలినా, గూళ్లు వదులైనా, రెండు షాఫ్టులూ పోయినా ఆ సగం ఇట్టే దాటుతుంది. మాది దాటలేదు.

మూడో లెక్క, నిలబడే రోజులు. ఆగిన ప్రతిరోజుకూ పోయే కిరాయి, కట్టాల్సిన వడ్డీ, డ్రైవరు బత్తా ఖర్చులో కలపాలి. చిన్నాయన వాదనకు బలం ఇక్కడే. సెకండ్స్ బాక్సు ధర కట్టుడు కంటే కాస్త తక్కువ, పైగా వారం మిగులుతుంది. కాగితం మీద ఆయనే గెలిచినాడు.

అప్పుడు డ్రైవరన్న నోరు తెరిచినాడు. ‘చిన్నాయనా, లెక్క మీది సరే. ఎవురి బాక్సో, ఎన్ని లచ్చల కిలోమీటర్లు తిరిగిందో తెలీనిదాన్ని పెట్టుకోని నేను తొప్పూరు దిగను. విప్పి చూపించి అమ్మేవాడుంటే చెప్పండి, అది ఎక్కించుకుంటా.’

విప్పి చూపించి అమ్మేవాడు దొరకలేదు. చిన్నాయన కాసేపు మాట్లాడలేదు. తరువాత, ‘కట్టించండిరా, కానీ సగం సగం పని వద్దు’ అన్నాడు. బేరింగులు బాగున్నట్టు కనిపించినవి కూడా అన్నీ మార్చినాము. గుంటలు పడిన గేరుతో పాటు దాని జత గేరునూ మార్చినాము. కొత్త పన్ను పాత పన్నుతో కలిస్తే ఏడుస్తుంది, రెండూ త్వరగా పోతాయి. స్లీవ్, ఫోర్కు, స్ప్రింగులు, సీళ్లు కొత్తవి. క్లచ్ ప్లేటు ఎలాగూ బాక్సు దిగింది కాబట్టి అప్పుడే మార్చినాము. పదకొండు రోజులు పట్టింది. ఆ లారీ పర్మిటు ముగిసేదాకా బయటి రాష్ట్రాలు తిరిగింది, ఇప్పుడు జిల్లాలోనే ఇటుకలు మోస్తోంది, అదే బాక్సుతో.

ఇకముందు

తమ్ముడి మాటలోనూ న్యాయం ఉంది. 2020 ఏప్రిల్ నుంచి అమ్మే లారీలన్నీ బి.ఎస్. 6. ఇంజినుకు కంప్యూటరు, పొగ శుభ్రం చేసే పెట్టె, కొన్నిటికి తానే గేరు మార్చుకునే బాక్సు. ఆ బాక్సు లోపల గేర్లు పాత గేర్లే, కానీ వాటిని జరిపేది సెన్సర్లు, వాల్వులు. గేరు పడకపోతే పన్ను అరిగిందా, వైరు తెగిందా చెప్పాలంటే చెవి ఒక్కటే చాలదు, స్కానరు కావాలి. 15 ఏళ్లు దాటిన పెద్ద బండ్లకు ఫిట్‌నెస్ రుసుము 2022 నుంచి బాగా పెరిగింది. పాతదాన్ని కట్టించి కట్టించి నడిపే కాలం తగ్గుతోంది.

అయినా ప్రశ్న పోలేదు. కొత్త లారీ ఉన్నవాళ్లూ రేపు ఇదే అడుగుతారు. అప్పుడు అడగాల్సినవి అవే. బండికి ఇంకా ఎన్నేళ్లు? కేసింగు బాగుందా? ఖర్చు సగం దాటుతుందా? నిలబడే రోజులకు విలువ ఎంత? వేరే మోడల్ బాక్సు ఎక్కిస్తుంటే గేర్ల నిష్పత్తి, ముందు షాఫ్టు గాళ్లు, ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు కలుస్తాయా? ఇవన్నీ అడిగినాక, ఆ లారీని కనుమలో దించేవాడు ఏమంటున్నాడో వినాలి. మా ఇంట్లో చివరి మాట ఇప్పుడు అతనిదే.

మీ ఇళ్లలోనూ అటక మీద పాత లారీ లెక్కల పుస్తకాలు, సామాను బిల్లులు ఉంటాయి. చెదలు పట్టకముందే దించండి. ఏ ఏడు ఏ బాక్సు కట్టించారు, ఎక్కడి నుంచి సామాను తెచ్చారు, ఎంతైంది అన్నవి ఫోటో తీసి పెట్టుకోండి. మనవాళ్లు ఈ గడ్డ మీద ఎట్లా బతికారో తెలుసుకోవాలంటే వంశవృక్షంతో పాటు ఆ నూనె మరకల కాగితాలూ కావాలి.